ఆకుపచ్చ మీద ఆకుపచ్చ

మా చెల్లెలు పోయాక ఆమె మిషను మీది రింగును చాలా రోజుల వరకు ఎవరూ విప్పలేదు. రింగు అంటే ఎంబ్రాయిడరీ కుట్టేటప్పుడు బట్ట కదలకుండా బిగించి పట్టే రెండు చెక్క వలయాలు. ఒళ్లు కాలుతోందని ఒక సాయంత్రం ఆమె మిషను ముందు నుంచి లేచి ఆసుపత్రికి పోయింది. మళ్లీ ఇంటికి రాలేదు. సూది బట్టలోకి దిగి అట్లాగే ఉంది. దాని కింద ఆకు ఒకటి సగంలో ఆగి ఉంది.

కర్మలన్నీ అయ్యాక చిక్కసూగూరులో వాళ్లింటికి పోయాను. మా మరిది, అంటే చెల్లెలి భర్త, పవర్ స్టేషన్‌లో షిఫ్టు డ్యూటీ చేస్తాడు. మిషను ఉన్న గది తలుపు దగ్గరికి వేసి పెట్టాడు. నేను లోపలికి పోతే ఆయన గుమ్మం బయటే నిలబడ్డాడు.

"వదినె, అది నువ్వే ఇప్పు. నేను ఇప్పితె యాడన్న చినుగుతది," అన్నాడు.

చినుగుతుందని కాదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. చక్రాన్ని చేత్తో తిప్పి సూదిని పైకి తెచ్చాను. దారం తెంపాను. రింగు మర వదులు చేసి బట్టను బయటికి తీశాను. పట్టు బట్ట అన్నాళ్లు బిగిసి ఉండటంతో దాని మీద గుండ్రటి మడత గుర్తు పడింది. తరువాత చాలాసార్లు ఇస్త్రీ చేస్తే గానీ అది పోలేదు.

ఆ బట్ట మా చెల్లెలి కూతురి కుబుస కోసం. మా వైపు కడుపుతో ఉన్న పిల్లకు ఏడో నెలలో చేసే వేడుకను కుబుస అంటాం. కన్నడంలో ఆ మాటకు రవిక అని అర్థం. పుట్టింటివాళ్లు ఆకుపచ్చ చీర, ఆకుపచ్చ రవిక, ఆకుపచ్చ గాజులు తీసుకుపోయి పిల్లకు పెట్టాలి. పిల్లది లింగసుగూరులో అత్తగారిల్లు. నెల తప్పిందని ఫోను వచ్చిన వారంలోనే మా చెల్లెలు ఆకుపచ్చ పట్టు కొని, అదే ఛాయ సిల్కు దారంతో ఒక పొడుగు పట్టీ మీద ఆకుల వరుస మొదలుపెట్టింది. పట్టీ పూర్తయ్యాక టైలరు దాన్ని ముక్కలు చేసి రవిక రెండు చేతులకూ వీపు మెడకూ అంచుగా వేస్తాడు. ఆకుపచ్చ మీద ఆకుపచ్చ ఎందుకు, బంగారు రంగు వేయవచ్చు కదా అని అడిగాను. "బంగారుది అందరు ఏస్తరక్కా. ఇది దగ్గరికొచ్చి జూస్తెనే కనబడాలె," అంది. పట్టీ సగం దాటింది. అక్కడ ఆకు ఆగింది.

ఆ పట్టీని ఏం చేయాలనేదాని మీద మాటలు నడిచాయి. పిల్ల అత్తగారు పరామర్శకు వచ్చినప్పుడు నన్ను వంటింట్లోకి పిలిచింది. మంచి మనిషి. చెప్పదలచుకున్నది చాటున చెప్పింది, అంతే.

"తప్పుగ అనుకోకు వదినె. ఆమె చేతి పనే నా కోడలికి ఎక్కనీ, నాకూ అదే ఖుషీ. గానీ సగం ఒగ తీరు, సగం ఒగ తీరు ఉంటె ఎట్ల? ఆ రోజు ఊరంత ఆడోళ్లొస్తరు. చెయ్యి పట్టి రైక జూస్తరు. గిదేంది గిట్లుందని అడుగుతరు. అప్పుడు చెప్పాలె గద, తల్లి కుట్టుకుంట కుట్టుకుంట పోయిందని. కడుపుతోనున్న పిల్ల ముందర ఆ మాట రావొద్దు. అతుకు కనబడకుంట చేస్తె సరే. లేకుంటె కొత్తది కొందం."

"కనబడకుంట చేస్త," అన్నాను.

పిల్ల ఈ మాట ఎట్లా విన్నదో తెలియదు. అత్తగారితో పోయేముందు చెప్పులు వేసుకుంటూ నా భుజం పట్టుకుంది.

"పెద్దమ్మా, ఎవరికీ కనబడకున్నా మంచిదే. నాకు మాత్రం చూపియ్యాలె, అమ్మ యాడ ఆపిందో. ఒక్క నాకే."

"చూపిస్త బిడ్డా," అన్నాను.

రెండు మాటలూ ఒక్క మధ్యాహ్నమే ఇచ్చాను. అవి ఒకదానికొకటి అడ్డం వస్తాయని అప్పుడు తోచలేదు.

నేను రాయచూరులో ఒక కాలేజీ లైబ్రరీలో పని చేసి రిటైరయ్యాను. అలంకారం నాకు పడదు, రాతలో గానీ బట్టల్లో గానీ. నా రవికలకు అంచు కూడా ఉండదు. "అక్కా, నీ రైక జూస్తె జేల్ల ఇచ్చినట్టుంటది," అనేది మా చెల్లెలు. అటువంటి నేను ఎంబ్రాయిడరీ మిషను ముందు కూర్చున్నది పువ్వుల కోసం కాదు. లైబ్రరీలో రంగుల గురించిన లావు పుస్తకం ఒకటి ఉండేది. ఎవరూ తీసుకుపోలేదు కనుక నేను చదివాను. ఏ రంగైనా దాని పక్కన ఏముందో దాన్ని బట్టి మారి కనిపిస్తుందని అందులో ఉంది. ఒక ఆదివారం ఆ సంగతి చెల్లెలికి చెప్పాను.

"గింత ముచ్చటకు గంత పుస్తకమా? అండ్ల మిషను ఉందా? లేదు గద. జరుగు, కుట్టి చూద్దం."

ఒకే నారింజ రంగు దారాన్ని ఎర్ర గుడ్డ మీదా పసుపు గుడ్డ మీదా కుట్టింది. ఎరుపు మీద అది పసుపు వైపు జరిగింది. పసుపు మీద ఎర్రబడింది. తాను దారం మార్చలేదని తనకే నమ్మకం లేక, మళ్లీ మొదటి నుంచి, దారం తెంపకుండా ఒక గుడ్డ మీది నుంచి రెండో గుడ్డ మీదికి సూదిని నడిపింది. అప్పుడు కూడా అట్లాగే కనిపించింది. ఆమె రెండు గుడ్డలనూ ఎత్తి వెలుతురుకు పట్టుకుని చూసింది. తరువాత, "ఇన్ని రోజులు రంగు మార్చి ఇచ్చిండని దారాల షాపాయనతో ఉత్తగనే కొట్లాడిన," అంది.

అట్లా ఆదివారాలు మొదలయ్యాయి. ఎర్ర గీత, ఆకుపచ్చ గీత, మళ్లీ ఎర్ర గీత, సందు లేకుండా కుట్టి, ఆ గుడ్డను బట్టలారేసే తీగ మీద వేసి గేటు దాకా నడిచి వెనక్కి తిరిగి చూసేవాళ్లం. గేటు దగ్గరికి అది ఏ రంగూ కాని మట్టి రంగులో ఉండేది.

"రెండు మంచి రంగులు దెచ్చి మన్ను జేసినవ్ గదక్కా! దీనికి చదువు గూడ కావాల్నా?"

ఆమె నవ్వేది కానీ ఆ గుడ్డను పారేయలేదు. నీలం గీతలూ పసుపు గీతలూ కలిస్తే దూరం నుంచి ఆకుపచ్చ వస్తుందని తానే పందెం వేసి, రాకపోయేసరికి నా మీద అలిగింది. వచ్చింది బూడిద రంగు. అట్లా చాలా గుడ్డలు పోగయ్యాయి. మిషను కింద మోకాలితో పక్కకు నెట్టే మీట ఒకటి ఉంటుంది. నెట్టిన కొద్దీ కుట్టు వెడల్పవుతుంది. చేతులు రింగును తిప్పుతుంటే మోకాలు వెడల్పు చూసుకోవాలి. నాకూ నేర్పింది. నా కుట్టు గడ్డిపరకలు పరిచినట్టు గరుకుగా ఉండేది. నమూనాల్లో ఏది నాదో ఏది ఆమెదో ఎవరు చూసినా చెప్పేవాళ్లు.

ఆమెది ఎడమచేతి వాటం. చిన్నప్పుడు అన్నం మాత్రం కుడిచేత్తో తినడం అలవాటు చేశారు. మిగతా పనులన్నీ ఎడమచేత్తోనే చేసేది. ఇది నాకు చిన్నప్పటి నుంచి తెలిసిన సంగతి. తెలిసిన సంగతి కనుకనే దాని గురించి ఆలోచించలేదు.

మిషనును ట్రాలీ ఆటోలో రాయచూరుకు తెప్పించి, నా ముందుగదిలో కిటికీ దగ్గర పెట్టించాను. ఆమె రీలు దానికే ఉంది. దాదాపు నిండుగానే ఉంది. అదే పట్టు గుడ్డ ముక్కలు కూడా కొన్ని మిగిలాయి. అదే గుడ్డ, అదే దారం, అదే మిషను. ఇక రంగు కలవకపోవడానికి కారణం లేదనుకున్నాను.

మొదటి నమూనా ఆకు కుట్టి ఆమె పట్టీ పక్కన పెట్టాను. ఆమె ఆకు లేతగా, వెలుతురు పడినట్టుంది. నాది తడిసినట్టు నల్లబడి ఉంది.

కుట్టు గరుకుగా ఉందని విప్పి, దగ్గర దగ్గరగా మళ్లీ కుట్టాను. గరుకుతనం తగ్గింది కానీ రంగు కలవలేదు. అప్పుడు నాకు పుస్తకం గుర్తొచ్చింది, అదే నేను చేసిన పొరపాటు. రంగు తేడాగా ఉంటే కారణం రంగులోనే ఉంటుందనుకున్నాను. రీలు ఆమె కిటికీలో నెలల తరబడి ఎండకు ఉంది, దారం మారిందేమో. చిలకపచ్చ దారం కొని రెండు దారాలూ ఒకే సూదిలో ఎక్కించి కుట్టాను. లేతబడింది కానీ పసుపు ఎక్కువైంది. కింద పలచగా పసుపు దారం పరిచి పైన ఆకుపచ్చ కుట్టాను. ట్యూబులైటు కింద అది కుదిరింది. పొద్దున కిటికీ తెరిచి చూస్తే రెండు వేరు ఊళ్ల నుంచి వచ్చినట్టున్నాయి. ఫోటో తీసి పిల్లకు పంపాను.

"పెద్దమ్మా, ఒగటే తీరుంది గద," అని ఫోనులో అంది.

"ఫోను అబద్ధం జెప్తుంది బిడ్డా. ఫోన్ల రంగు నమ్మొద్దు."

"మరి ఎంత వరకు వచ్చింది?"

"అవుతుంది."

కాలేదు. పిల్లకు ఆరో నెల వచ్చింది. ఆమె పట్టీ మీద నేను ఒక్క కుట్టు కూడా వేయలేదు. మంచం నిండా నమూనాలే. దేన్ని దేని పక్కన పెట్టినా ఆమె ఆకు ఒక్కటే వేరుగా ఉండేది. చుట్టాలు ఫోను చేసి, ధైర్యంగా ఉన్నావా, ఏడిస్తే బరువు తగ్గుతుంది అనేవారు. నాకు ఏడుపు రాలేదు. చికాకు వచ్చేది. ఏడవాల్సిన చోట కూర్చుని నేను ఛాయలు పోల్చుకుంటున్నాను. ఒక్కోసారి ఆమె మీదే కోపం వచ్చేది, ఏం చేసిందో చెప్పి పోలేదని.

చివరికి నమూనాలన్నీ ఒక కవరులో వేసుకుని బజారులో ఆమె ఎప్పుడూ దారాలు కొనే షాపుకు పోయాను. ముసలాయన. ఆమె కుట్టిన పట్టీనీ నా నమూనానూ రెండు చేతుల్లో పట్టుకుని వాకిట్లోకి నడిచి ఎండలో చూశాడు.

"దోనో ఏకీచ్ హై అమ్మా. ఒగటే దారం."

"రంగు వేరేగ కనబడుతలేదా?"

"కనబడుతది. నాకు గూడ కనబడుతది. గానీ దారం ఒగటే. నా షాపు మాలు నాకు తెల్వదా?" మళ్లీ పట్టీ వైపు చూశాడు. "ఇది చిక్కసూగూరు అమ్మ పని గద? ఏంది, ఈ మధ్య కొట్లాడనీకె వస్తలేదు?"

చెప్పాలనే నోరు తెరిచాను. నా వెనక ఒకాయన బొత్తాల కోసం తొందర పెడుతున్నాడు. షాపాయన అప్పటికే అల్మారా వైపు తిరిగాడు.

"ఆమె అడిగిన ఊదా రంగొచ్చిందని చెప్పుండ్రి. అన్ని ఊర్లు తిరిగినా ఇది దొరకదు. ఒగటి తీసి పెట్టిన."

డబ్బిచ్చి ఆ ఊదా రీలు తీసుకున్నాను. ఆమె దాన్ని దేనికి అడిగిందో నాకు తెలియదు. ఇక తెలియదు కూడా. ఇంటికి నడుస్తూ దాన్ని కవరులో కాక చేతిలోనే పట్టుకున్నాను.

ఆయన మాట నేను నమ్మలేదు. ఇంటికి వచ్చి మళ్లీ రెండు ముక్కలూ మంచం మీద పక్కపక్కన పెట్టాను. ఆమెది వెలుగుతోంది. నాది మగ్గి ఉంది. దాహం వేసి లేచి పోయి నీళ్లు తాగి వచ్చాను. వచ్చి, ఊరికే, మంచం రెండో పక్కన కూర్చున్నాను.

నాది వెలుగుతోంది. ఆమెది మగ్గి ఉంది.

ముక్కలు ఎవరూ తాకలేదు. లేచి మొదటి పక్కకు పోయాను. మళ్లీ ఆమెది వెలిగింది. ఇటు వచ్చాను. నాది. కొంతసేపు మంచం చుట్టూ అట్లా తిరిగాను. చూసేవాళ్లుంటే ఏమనుకునేవారో.

సిల్కు దారానికి మెరుపు ఉంటుంది. అది ఏ వైపు వాలి ఉంటే ఆ వైపు వెలుతురు పంపుతుంది. ఆమె రింగును ఎడమచేత్తో లాగింది కాబట్టి ఆమె కుట్లు ఎడమకు వాలాయి. నేను కుడిచేత్తో లాగాను, నావి కుడికి వాలాయి. దారం ఒకటే, రంగు ఒకటే, వాలు వేరు. ఇన్నేళ్లు ఆదివారాలు రంగు పక్కన రంగు పెట్టి చూశాం కానీ, ఒకే రంగును రెండు చేతులు కుట్టిన తీరును పక్కపక్కన పెట్టి చూడాలని ఇద్దరికీ తోచలేదు. ఉన్నట్టయితే ఆమె ఏమనేదో ఊహించగలను. అది ఇక్కడ రాయను. ఆమె అనలేదు.

ఎడమచేత్తో లాగడం నేర్చుకోవడం మొదలుపెట్టాను. అరవై దాటిన మనిషి చెయ్యి. అది ఏ పనీ ముందుండి చేసిన చెయ్యి కాదు. రింగు ఒక పక్కకు పోతే సూది ఇంకో పక్కకు పోయేది. సూదులు విరిగాయి. చూపుడువేలు గోరు పక్కన ఒకసారి సూది దిగింది. దారం ఎర్రబడితే ఆ నమూనా పారేశాను. కిటికీ బయట ఎండ ఇటు నుంచి అటు మారేదాకా కుట్టి, లేచి, మంచం రెండు పక్కలా కూర్చుని చూసేదాన్ని. మొదట్లో ఒక ఆకులో సగం ఎడమకు, సగం కుడికి వాలేది. మెల్లగా కుడివి తగ్గాయి. ఎంత బలంగా లాగాలో, ఎక్కడ వదలాలో చేతికి తెలియడం మొదలైంది. మణికట్టు కొంచెం లోపలికి తిప్పితే సరిగ్గా వస్తుందని కనిపెట్టాను. ఆమె అట్లాగే తిప్పేది. నేను చూసి నవ్వేదాన్ని.

ఒక సాయంత్రం నా ఆకు ఆమె ఆకు పక్కన పెడితే రెండూ కలిసిపోయాయి. ఇటు కూర్చుని చూశాను, అటు కూర్చుని చూశాను. రెండూ కలిసి వెలిగాయి, కలిసి నల్లబడ్డాయి. సంతోషం వచ్చింది. ఆ వెంటనే పిల్లకు ఇచ్చిన మాట గుర్తొచ్చింది.

అందుకని, పట్టీని రింగుకు బిగించే ముందు, ఆమె ఆపిన చోట ఎర్ర దారంతో టాకా వేశాను. టాకా అంటే తరువాత తీసేయడానికి వేసే వదులు కుట్టు. సరిగ్గా ఆమె చివరి కుట్టు పక్కన వేశాను. పిల్లకు చూపించి, ఆమె ముందే తీసేద్దామనుకున్నాను. తరువాత సగం ఆకును పూర్తి చేశాను. దాని తరువాతి ఆకు, దాని తరువాతిది. కుబుస దగ్గర పడింది కాబట్టి తొందరగానే కుట్టాను. చెయ్యి ఆగలేదు. చివరికొచ్చేసరికి నేను రింగు వైపు కాక కిటికీ వైపు చూస్తూ కూడా కుట్టగలిగాను.

పట్టీని టైలరుకు ఇచ్చేటప్పుడు కొలతలు చెప్పాను, మెడ ఎంత లోతు ఉండాలో చెప్పాను, కడుపుతో ఉన్న పిల్ల కాబట్టి పక్కల్లో గుడ్డ వదలమని చెప్పాను. టాకా గురించి చెప్పలేదు. అది నా కళ్లకు అంత ఎర్రగా ఉంది, చెప్పాలని తోచలేదు.

తీసుకోవడానికి పోయినప్పుడు రవిక ఇస్త్రీ చేసి హాంగరుకు తగిలించి ఉంది. చాలా బాగుంది. నేను రెండు చేతుల అంచులూ చూశాను. వీపు చూశాను. మళ్లీ చేతులు చూశాను.

"ఎర్ర టాకా ఒగటి ఉండె," అన్నాను.

"టాకాలన్ని పీకేసినమ్మా. నీట్‌గ ఉంది, చూడుండ్రి. లైనింగ్ గూడ ఏసిన, కుట్టు గుచ్చుకోదు పిల్లకు."

టాకాలు ఉంచి రవిక ఇచ్చే టైలరు ఎక్కడా ఉండడు. ఆయన తన పని చేశాడు. లైనింగ్ వేశాడు కాబట్టి కుట్టు వెనకవైపు చూసే వీలు కూడా లేదు.

"పట్టీ ఏమన్న మిగిలిందా?"

"చిన్న ముక్క మిగిలింటది. ఊడ్చేసిన. కావాల్నా?"

మూల ఉన్న గోనెసంచి చూపించాడు. దాని ముందు కూర్చుని వెతికాను. ఆకుపచ్చ పట్టు ముక్కలు చాలా ఉన్నాయి. ఆ నెలలో కుబుసలు చాలా ఉన్నట్టున్నాయి. ఆకులున్న ముక్క దొరకలేదు. చెత్తబండి అప్పటికే ఒకసారి వచ్చి పోయిందని ఆయన చెప్పాడు. ఏం పోయిందమ్మా, బంగారమా అని అడిగాడు. ఏం లేదన్నాను.

కుబుస రోజు పొద్దున్నే మేము లింగసుగూరు చేరాం. మరిది చీరా గాజులూ పట్టుకున్నాడు. రవిక నా సంచిలో ఉంది. పిల్ల అత్తగారు గడపలోనే దాన్ని తీసుకుని, మడత విప్పి, వెలుతురుకు పట్టుకుని అంచుల మీద వేలు నడిపించింది.

"ఫరకే తెలుస్తలేదు వదినె. ఏది ఆమెదో, ఏది నీదో నాకైతె ఎరుకైతలేదు. ఎంత మంచిగైంది!" అంది. ఆమె కళ్లలో నీళ్లున్నాయి. నిజంగానే మెచ్చుకుంది.

పిల్ల రవిక తొడుక్కుని, చీర కట్టుకోకముందే, భుజాల మీద తువ్వాలు కప్పుకుని వెనక వాకిట్లోకి వచ్చింది. అక్కడ ఎండ ఉంది. లోపల ఆడవాళ్ల మాటలు వినిపిస్తున్నాయి.

"ఇప్పుడు చూపియ్యి పెద్దమ్మా. మళ్ల లోపలికి పిలుస్తరు."

ఆమె చెయ్యి పట్టుకుని మెల్లగా తిప్పాను. ఎండ పడిన వైపు ఆకులన్నీ ఒక్కసారే వెలిగాయి. ఇంకో వైపు తిప్పితే అన్నీ ఒక్కసారే మగ్గాయి. రెండో చెయ్యి కూడా అంతే. వెనక్కి తిరగమని వీపు చూశాను. ఏదో ఒక ఆకులో, ఎక్కడో ఒక చోట, వాలు కొంచెమైనా మారి ఉండాలి. నేను ఇంకా నేర్చుకుంటున్న దాన్నే కదా. ఒక్క తప్పు దొరికినా చాలు. నా కుట్టులో ఎప్పుడూ తప్పులే ఉండేవి. ఆ రోజు ఒక్కటీ లేదు.

"యాడ?" అంది.

"ఎర్ర టాకా ఏసి పెట్టిన బిడ్డా. టైలరు పీకేసిండు. నేను చెప్పకపోతి."

"నీకు గూడ తెల్వదా?"

"తెల్వదు."

"చూపిస్తనంటివి గద."

"జూసిన. తెలుస్తలేదు. పట్టీల ఇంత ముక్క మిగిలి పారేసిండ్రు. ఆ ఆకు అండ్లనే పోయిందో ఏమో, అది గూడ తెల్వదు."

అబద్ధం చెప్పవచ్చు. ఏదో ఒక ఆకు చూపిస్తే ఆమె నమ్మేది. ఇప్పుడు రాస్తున్నప్పుడు కూడా, చూపించి ఉండాల్సిందా అని నాకు తేలలేదు. ఆమె ఏడవలేదు. నా చేతిలో నుంచి తన చెయ్యి తీసుకుని తువ్వాలు సరిచేసుకుంది.

"మాటిచ్చినవ్ పెద్దమ్మా," అంది. కోపంగా కాదు. ఆ తరువాత లోపలి నుంచి పిలిచారు.

పీట మీద కూర్చోబెట్టారు. గాజులామె ఒక్కొక్క గాజూ ఎక్కిస్తుంటే ఆడవాళ్లు హాస్యాలాడారు. మగపిల్లాడైతే తాత లెక్క షిఫ్టు డ్యూటీకి పోతడు, పగలు పండుకుంటడు, రాత్రి లేస్తడు అని ఎవరో అన్నారు. మరిది కూడా నవ్వాడు. కొందరు ఆమె చెయ్యి పట్టుకుని అంచు చూశారు. ఎంత సన్నని పని అన్నారు. ఎవరు కుట్టారని ఒకామె అడిగితే, అత్తగారు "పుట్టింటోళ్లే," అంది. ఇంకెవరూ ఏమీ అడగలేదు.

అంతసేపూ పిల్ల ఎడమచేతి బొటనవేలు కుడిచేతి అంచు మీద ఒక్కో ఆకునూ తడుముతూ పోతోంది. చివరికి వచ్చి మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టింది. గాజులామె ఆ చెయ్యి అడిగినప్పుడు ఇచ్చింది. గాజులు వేసుకున్నాక మళ్లీ అక్కడికే పోయింది. ఒక చోట వేలు ఆగింది. చాలాసేపు అక్కడే ఉంచింది. నా వైపు చూడలేదు. నేనూ అది ఏ ఆకో లెక్కపెట్టలేదు.

ఇంటికి వచ్చాక నమూనాలన్నీ ఒక మూటగా కట్టి అటక మీద పెట్టాను. ఒక్కటి మాత్రం ఉంచుకున్నాను. మొదటి ఆదివారాల్లో నేను కుట్టిన గరుకు కుట్టు, కుడికి వాలింది. ఊదా రీలును మిషనుకు ఎక్కించి, కుడిచేత్తో రింగు లాగి చూశాను. కుట్టు ఎడమకే వాలింది. చెయ్యి మార్చినా మణికట్టు తనంతట తానే లోపలికి తిరుగుతోంది.

పాత నమూనాను పక్కన పెట్టుకుని రోజూ కాసేపు కుడుతున్నాను. నా కుట్టు నాకు తిరిగి వస్తే ఆమెది ఏదో మళ్లీ వేరుగా కనిపిస్తుందని ఒక ఆశ. కుట్టేసినవి ఇక మారవని తెలుసు. అయినా కుడుతున్నాను. ఇంకా రాలేదు.